హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి: ఫ్లైటా, రైలా?

దూరం: ఆకాశంలో దాదాపు 500 కి.మీ., పట్టాల మీద సుమారు 700.

టైమ్: టికెట్ మీద ఫ్లైట్ గంటా పావు అని ఉంటుంది. ఆ లెక్క నమ్మి ప్లాన్ చేసుకోకండి. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికే ట్రాఫిక్‌లో గంటన్నర పోతుంది. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. దిగాక బ్యాగు, క్యాబ్. ఇంటి నుంచి ఇంటికి ఐదారు గంటలు ఖాయం. సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌కి ఎనిమిదిన్నర గంటలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి పన్నెండు దాటుతుంది, కానీ అది నిద్రలో గడిచిపోయే రాత్రి.

ఖర్చు: రైలు ఛార్జీ దాదాపు స్థిరం. ఫ్లైట్ ధర ముందే కొంటే అందుబాటులో ఉంటుంది, సంక్రాంతి వారంలో చూస్తే గుండె ఆగుతుంది. రెండు వైపులా క్యాబ్ ఛార్జీలూ కలపండి.

సామాను: ఫ్లైట్‌లో మామూలుగా 15 కిలోలు, చేతిలో ఇంకో 7. థర్డ్ ఏసీలో 40 దాకా ఉచితం. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోవచ్చు, అది చెకిన్‌లో వేయాల్సిందే.

రిస్క్: శీతాకాలం పొద్దుటి ఫ్లైట్లకి పొగమంచు, రైలుకి పండగ సీజన్ వెయిటింగ్ లిస్టు.

ఒక్కరోజు పని చూసుకుని రాత్రికి తిరిగి రావాలంటే ఫ్లైటే. పిల్లలు, పెద్దవాళ్లు, నాలుగు సంచులు ఉంటే నా ఓటు గోదావరికే.