పచ్చిమామిడి ఈఏఏ పౌడర్: రుచికి మంచి మార్కులే, విశాఖ తేమ ముందు మాత్రం సున్నా

డబ్బా మీద ‘చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి’ అని ఉంటుంది. లాసన్స్ బే కాలనీలో, కిటికీ తీస్తే సముద్రం గాలి మొహాన కొట్టే ఫ్లాట్‌లో, జూలై నెలలో ఆ పొడి ప్రదేశం ఎక్కడుందో కంపెనీవాళ్లే వచ్చి చూపించాలి. చల్లదనం కావాలంటే ఏసీ వేసుకుంటాం. పొడిదనం కావాలంటే డబ్బా పట్టుకుని అనంతపురం వెళ్లాలేమో. మా ఇంట్లో ఉప్పు చెమ్మగిల్లుతుంది, బీరువాలో తోలు బెల్టుకి బూజు పడుతుంది, గేటు గొళ్లేనికి రంగు వేసిన ఏడాదికే తుప్పు. అలాంటి ఊళ్లో రెండేళ్లకు దగ్గరగా ఈ అమైనో పౌడర్ వాడుతున్నాను. నా కోపమంతా ఒక్క విషయం మీదే. ఇది గడ్డకడుతుంది. మామూలుగా కాదు, రాయిలా.

ప్రోటీన్‌ని కట్టే ముక్కల్లో శరీరం సొంతంగా తయారుచేసుకోలేని అత్యవసర అమైనో ఆమ్లాలు (ఈఏఏ) తొమ్మిదీ, వాటిలో శాఖా అమైనో ఆమ్లాలు (బీసీఏఏ) అని పిలిచే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడింటి గొప్పా జిమ్‌కి వెళ్లే ప్రతి కుర్రాడికీ కంఠతా వచ్చు కాబట్టి ఆ పాఠం ఇక్కడ చెప్పను. బ్రాండు పేరు కూడా చెప్పను. మూడు కంపెనీల డబ్బాలు మార్చాను, మూడూ ఒకే దారిన నడిచాయి.

ముందు మంచి మాట చెప్పాలి. పచ్చిమామిడి రుచిది తాగితే నాలుక చివర ఝుమ్మంటుంది. అసలు ఈ అమైనో ఆమ్లాల్లో చాలావాటి రుచి చేదు. ఫ్లేవర్ లేని పౌడర్ ఒకసారి మా ట్రైనర్ దగ్గర తాగి చూశాను, వేపపువ్వు పచ్చడిలో బెల్లం మర్చిపోయినా ఇంతకంటే నయం. ఆ చేదుని కప్పడానికి పులుపు దండిగా వేస్తారు, పైన సుక్రలోజ్ తీపి. నాకు నీళ్లు తాగే అలవాటు మొదటి నుంచీ తక్కువ. ఈ డబ్బా వచ్చాక పొద్దున వ్యాయామం మధ్యలో దాదాపు లీటరు నీళ్లు లోపలికి పోతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆరు గంటలకే చొక్కా పిండుకునే ఊళ్లో అది చిన్న లాభం కాదు. మొదట్లో ఆ హుషారునంతా అమైనో ఆమ్లాల ఖాతాలో వేశాను. అందులో నీళ్ల వాటా ఎంతో ఇప్పుడైతే కచ్చితంగా చెప్పలేను.

ఇక రాయి సంగతి. డబ్బా తెరిచిన మొదటి నెలంతా పౌడర్ బుద్ధిగానే ఉంది. తొలకరి పడ్డాక ఒకరోజు స్కూప్ లోపలికి దిగలేదు. అడుగున కాస్త ఉండ కట్టిందేమోనని చెంచాతో పొడిచాను, చెంచా వంగింది. డబ్బా బోర్లించి తడితే చాక్ పీసు ముక్కల్లా నాలుగు పెళ్లలు రాలాయి, మిగతాది కదల్లేదు. దాన్ని అలాగే జిమ్‌కి పట్టుకెళ్లి చూపిస్తే మా ట్రైనర్ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, “ఏటి సార్ ఇది, సిమెంటు బస్తా వానలో తడిసినట్టుంది?” అన్నాడు. గాజువాక నుంచి వచ్చే ఇంకో కుర్రాడు తన డబ్బాదీ అదే గతి అనీ, తను మిక్సీ పట్టి వాడతాననీ చెప్పాడు. మిక్సీ మాట ఇంట్లో ఎత్తగానే, “కొబ్బరి పచ్చడికి పచ్చిమామిడి వాసన పడితే నన్నడక్కండి” అని మా ఆవిడ జార్ తీసి లోపల పెట్టేసింది. పప్పుగుత్తి కాడతో దంచాను.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. గడ్డకట్టడం నాణ్యతలో లోపం కాదనీ, సీలు తీసిన డబ్బా వాపసు తీసుకోబోమనీ, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సమస్య ఉండదనీ చాలా మర్యాదగా చెప్పారు. మొదటి మాట నిజమే. రంగు, వాసన మారనంతవరకూ గడ్డకట్టిన పౌడర్ పాడైనట్టు కాదు. కానీ ఆ మూడో మాట ఉంది చూశారూ, అది విన్నాకే అసలు నష్టం మొదలైంది. చల్లటి డబ్బాను బయటికి తీసి మూత తెరవగానే మన గాలిలోని తేమంతా వెళ్లి ఆ చల్లటి పౌడర్ మీదే కూర్చుంటుంది. రోజూ ఒకసారి తెరిచేదానికి రోజూ ఒకసారి నీళ్లు చిలకరించినట్టే అయింది. పది రోజుల్లో డబ్బా అంచుల్లో జిగురు తేలింది. వర్షాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలైన ఊరికి ఎండు గాలి ఉన్న ఊరి సలహా ఇచ్చారు. పావుకిలో పైచిలుకు పౌడర్, దాదాపు 1,800 రూపాయలు, మూడో వంతు చెత్తబుట్టలోకి పోయింది.

ఈ గొడవలో ఒక విషయం తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది. గడ్డకట్టిన పాపం అమైనో ఆమ్లాలది పెద్దగా కాదు. ల్యూసిన్ లాంటివి నీటిని దూరం పెట్టే రకం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో గ్లైసిన్ 250 గ్రాముల వరకూ కరిగితే, ల్యూసిన్ 24 గ్రాములకే ఆగిపోతుంది. షేకర్‌లో పైన తెట్టులా తేలేది అందుకే, తేలిగ్గా కలవడానికి లెసిథిన్ పూత పూసేదీ అందుకే. గాలిలోని తేమను పీల్చుకునేది పులుపు కోసం వేసిన సిట్రిక్ ఆమ్లం, ఫ్లేవర్‌ని మోసే మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి. అంటే ఏ పులుపు చూసి ఈ డబ్బా కొన్నానో ఆ పులుపే దాన్ని రాయి చేస్తోంది. లోపల వేసే బుల్లి సిలికా జెల్ పొట్లం కొన్నాళ్లకే నిండిపోతుంది. ఆ తర్వాత అది ఉన్నా లేనట్టే.

గడ్డకట్టడం వల్ల చిరాకు ఒక్కటే అయితే ఇంత రాయను. కొలత కూడా తప్పుతుంది. స్కూప్ కొలిచేది జాగాను, బరువును కాదు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూశాను. 10 గ్రాములనే స్కూప్‌లో పెళ్లలు పెళ్లలుగా పడితే 8 వచ్చింది, దంచి అదిమితే 12 దాటింది. లేబుల్ మీద ల్యూసిన్ ఇంత, లైసిన్ అంత అని మిల్లీగ్రాముల్లో రాసిన లెక్కకు అర్థమేముంది? ఇంకో కంపెనీ అయితే ఆ లెక్క కూడా ఇవ్వలేదు, ‘ఈఏఏ మిశ్రమం’ అని మొత్తం కలిపి ఒక్క అంకె వేసి ఊరుకుంది. అది మళ్లీ కొనలేదు.

ఇప్పుడు చేస్తున్నదేమిటంటే, కొత్త డబ్బా సీలు తీసిన రోజే కాటా మీద తూచి, వారానికి సరిపడా చిన్న స్టీలు డబ్బాలోకి, మిగతాది రబ్బరు వాషర్ మూతలున్న గాజు సీసాల్లోకి సర్దేస్తాను. వాటిని ఆ తర్వాత అనవసరంగా తెరవను. తడి చేత్తో ముట్టుకోను. ఎండాకాలంలో తెరిచింది ఆగస్టు దాకా నిలబడింది. ఈ సేవంతా నేనెందుకు చేయాలి, చిన్న సాషేల్లో అమ్మొచ్చు కదా అని అడగొద్దు. అది నేనూ వాళ్లను అడిగాను.

ఇంతకీ ఒంటికి ఏం చేసింది? మొదటి ఏడాది సింహాచలం గిరిప్రదక్షిణకు ఈ పౌడర్ కలిపిన బాటిల్ పట్టుకుని బయల్దేరాను. 32 కిలోమీటర్లు, ఆషాఢపు ఉక్కపోత, అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం, మళ్లీ నడక. మర్నాడు పొద్దున మెట్లు దిగితే పిక్కలు పట్టేయలేదు. ఆఫీసులో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను, ఇద్దరి చేత కొనిపించాను కూడా. రెండో ఏడాది సరిగ్గా ఆ సమయానికి డబ్బా రాయై కూర్చుంది. దారిలో భక్తులు ఇచ్చిన మజ్జిగ, పులిహోరతోనే తిరిగొచ్చాను. మర్నాడు మెట్లు అలాగే దిగాను. తేడా పౌడర్‌ది కాదు, ఏడాదంతా చేసిన స్క్వాట్లదీ, తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద నడిచిన నడకదీ అయ్యుంటుంది. వ్యాయామం తర్వాత వచ్చే కండరాల నొప్పి బీసీఏఏలతో కొంత తగ్గుతుందని చెప్పే పరిశోధనలు లేకపోలేదు. నేనన్నంత తగ్గుతుందని మాత్రం అవి అనడం లేదు.

కండ పెరగడం మరో కథ. ల్యూసిన్ కండర నిర్మాణానికి స్విచ్ వేస్తుంది, నిజమే. కానీ కట్టడానికి మిగతా ఆరు అత్యవసర అమైనో ఆమ్లాలూ ఉండాలిగా. బయటి నుంచి రాకపోతే శరీరం వాటిని ఉన్న కండను కరిగించే తెచ్చుకుంటుంది. మూడింటితోనే కండ పెరుగుతుందనే ప్రచారానికి మనుషుల్లో ఆధారం లేదని రాబర్ట్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 2017లో ఒక సమీక్షా వ్యాసంలో తేల్చేశారు. అందుకే నేను బీసీఏఏ వదిలి తొమ్మిదీ ఉండే ఈఏఏకి మారాను. అది మాత్రం ఇప్పటికీ సరైన పనే అనిపిస్తుంది.

అయితే అదీ ఎవరికి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. బరువులెత్తే వాళ్లకు 1.4 నుంచి 2 గ్రాములు కావాలని క్రీడా పోషకాహార నిపుణులు అంటారు. 68 కిలోల నాకు ఈ రెండు లెక్కల మధ్య చాలా దూరం ఉంది. నేను గుడ్డు కూడా తినను. అందుకే మొదట్లో పౌడరే దిక్కనుకున్నాను. తర్వాత చూస్తే 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంది, అందులో ల్యూసినే 2 గ్రాములకు దగ్గరగా వస్తుంది. ఇడ్లీలో బియ్యానికి తక్కువైన లైసిన్ మినప్పప్పు ఇస్తుంది, పప్పుకి తక్కువైన మెథియోనిన్ బియ్యం ఇస్తుంది. రాత్రి భోజనంలో పెరుగు, పనీర్ పెంచాక పౌడర్ మానేసిన వారాలకీ, తాగిన వారాలకీ నేనెత్తే బరువుల్లో తేడా కనబడలేదు. తెల్లవారుజామున ఏమీ తినకుండా జిమ్‌కి వెళ్లే రోజుల్లో మాత్రం కడుపు బరువెక్కకుండా ఏదో పడినట్టుంటుంది. ఆ మాత్రం సుఖానికి డబ్బు పెట్టాలా వద్దా అనేది జేబును బట్టి ఉంటుంది. అన్నట్టు, కొన్ని డబ్బాల మీద కేలరీలు సున్నా అని వేస్తారు. అమైనో ఆమ్లాలకూ గ్రాముకు 4 కేలరీల దాకా ఉంటాయి, అది చూసి ఉపవాసం చెడలేదని సంబరపడకండి.

ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. మా మావయ్యగారికి పార్కిన్సన్స్, లెవోడోపా మాత్రలు వాడుతున్నారు. ఓ సాయంత్రం నా షేకర్ చూసి, “అల్లుడుగారూ, నీరసంగా ఉంటోంది, నాకూ ఓ గ్లాసు కలిపి ఇవ్వకూడదూ” అన్నారు. ఇవ్వలేదు. లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి అది వెళ్లే దారినే ల్యూసిన్ లాంటివీ వెళతాయి. ఇవి ముందు దూరితే మందు వెనకబడుతుంది. వాళ్ల డాక్టర్‌ని అడిగితే వద్దనే అన్నారు, మాత్రకూ ప్రోటీన్ ఎక్కువున్న భోజనానికీ మధ్య కూడా ఎడం ఉంచమన్నారు. ఈ హెచ్చరిక నా మూడు డబ్బాల్లో ఏ ఒక్కదాని మీదా లేదు. పెద్దవాళ్లున్న ఇంట్లో దీన్ని బూస్టు డబ్బా పక్కన పెట్టకండి.

మా నాన్నకు షుగర్ ఉండేది కాబట్టి నాకు ఇంకో బెరుకు కూడా ఉంది. రక్తంలో ఈ శాఖా అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాతి రోజుల్లో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలోని మనుషుల మీద చేసిన పరిశోధన 2011లో బయటపెట్టింది. తాగడం వల్లే వస్తుందని దానర్థం కాదు, శరీరం వాటిని సరిగ్గా వాడుకోలేకపోవడానికి అది గుర్తు కావచ్చు. అయినా రోజూ తాగడం మానేసి బరువులెత్తే రోజులకే పరిమితం చేశాను.

కొనాలా అంటే, మాంసం, గుడ్లు తినే పాతికేళ్ల కుర్రాడికి నేను చెప్పను. ఆ డబ్బుతో ఎన్ని గుడ్లొస్తాయో లెక్కేసుకోమంటాను. తిండి సరిగ్గా తినలేని వయసువాళ్లకు ఈఏఏ ఉపయోగపడే వీలుంది, కానీ అది డాక్టర్ చూసి చెప్పాల్సిన మాట. నాలాంటి శాకాహారికి, ఖాళీ కడుపుతో వ్యాయామం చేసేవాడికి, రుచి కోసం కాస్త ఖర్చు పెట్టగలిగేవాడికి పనికొస్తుంది, అదీ గాలి చొరబడని సీసాలు ముందే కొనుక్కుంటేనే. మధురవాడ కొండవైపు, సముద్రానికి దూరంగా ఉండేవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు. అక్కడ ఉండే మా తోడల్లుడి డబ్బా సెప్టెంబరులో కూడా ఇసుకలా జారుతోంది, ఆయన దాన్ని తెరిచేది వారానికోసారి అనుకోండి.

ఇప్పుడున్నది దసరాకి అయిపోతుంది. తర్వాత ఫ్లేవర్ లేని 100 గ్రాముల ప్యాకెట్ తెచ్చి, నిమ్మకాయ అప్పటికప్పుడు పిండుకుని, చిటికెడు ఉప్పు వేసుకుని తాగి చూడాలనుకుంటున్నాను. చేదుగా ఉంటుంది, పైన తేలుతుంది కూడా. గడ్డకట్టకపోతే చాలు, మిగతావి సర్దుకుంటాను.