సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేవాళ్లూ, టార్చ్ కొట్టనివ్వని మనిషి దగ్గర కొనకండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, వరసగా చెప్పలేకపోతే సర్దుకోండి. విజయవాడ, గుంటూరు పాత కెమెరాల గ్రూపుల్లో ఉన్నవాళ్లకి నాకు లెన్స్ అమ్మిన ఆయనెవరో నేను చెప్పక్కర్లేదు. వారానికి రెండు లెన్సులు పెడతాడు, ప్రతిదానికీ "మింట్ కండిషన్, ఇంట్లో వాడింది, డబ్బు అర్జెంటు" అని రాస్తాడు, మింట్ అంటే కొత్తదానిలా ఉందని. ఏడాదిగా ఆ అర్జెంటు తీరలేదు పాపం.

మొన్న శనివారం పటమట వైపు ఒక మేడ మీద హాల్లో మెటల్ షో, అంటే హోరెత్తించే రాక్ సంగీతం షో, జరిగింది. 2011లో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా బెంగళూరు వస్తే కాలేజీ పోతుందని మా ఇంట్లో పంపలేదు, ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు. అలాంటిది మన ఊళ్లో, మన కుర్రాళ్లు, నూటపాతిక మంది పట్టే హాల్లో వాయిస్తుంటే, డ్రమ్మర్ తనే ఫోన్ చేసి "అన్నా, ఫొటోలు నువ్వే తీయాలి" అంటే ఇంకేం కావాలి? కాకపోతే నా దగ్గరున్నది కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్, జూమ్ చేస్తే దాని రంధ్రం 5.6 దాటి తెరుచుకోదు (ఈ అంకె ఎంత తక్కువైతే వెలుతురు అంత ఎక్కువ). అక్కడ లైటింగ్ చూస్తే పెళ్లి రిసెప్షన్లకి తెచ్చే ఎల్‌ఈడీ పార్ లైట్లే, ఎరుపు, నీలం, మధ్యలో పొగ. ఫ్లాష్ వద్దన్నారు. తలలు విదిలించేవాళ్లని సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదిగా తీస్తే జుట్టు తప్ప ముఖం మిగలదు. 1.4 లెన్స్‌లోకి 5.6 కంటే పదహారు రెట్లు వెలుతురు వస్తుంది, అంటే ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే సున్నితత్వం) 3200తో అయిపోయే పనికి కిట్ లెన్స్‌తో 51200 పెట్టాలి, అప్పుడు ఫొటోలో కనిపించేది ఇసుకలాంటి చుక్కలే. అందుకని ఆయన పెట్టిన 50 ఎంఎం 1.4 చూడగానే ఆగలేకపోయాను. 14,500. బేరం కూడా ఆడలేదు. మా ఆవిడ కూరగాయల దగ్గర రెండు రూపాయలకి ఆడినంత కూడా ఆడలేదు.

గురువారం సాయంత్రం, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద, టీ బండి దగ్గర. ఈ ముక్క మాత్రం వివరంగా చెప్తాను, మూడు రోజులుగా నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

లెన్స్ చేతికిచ్చాడు. పైకి నిజంగానే కొత్తదానిలా ఉంది, రబ్బరు రింగు కూడా తెల్లబడలేదు. నేను మూతలు తీసి, ఫోన్ టార్చ్ వేసి వెనక నుంచి కొట్టబోయాను. వెంటనే ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. గట్టిగా కాదు, పసిపిల్ల కళ్లకి ఎండ తగలకుండా పెడతాం చూడండి, అంత మెత్తగా. "అన్నా అన్నా, అలా టార్చ్ కొట్టకు, గాజు మీద కోటింగ్ పోద్ది. ఇది 1.4, సున్నితం." అంటూనే నా చేతిలోంచి లెన్స్ తీసుకుని, మూతలు రెండూ పెట్టేసి, చొక్కా అంచుతో ఒకసారి తుడిచి మళ్లీ నా చేతిలో పెట్టాడు. నేనేం చేశాను? టార్చ్ ఆపేశాను. "సారీ" అని కూడా అన్నాను! పదేళ్లుగా కెమెరా పట్టుకుంటున్నవాణ్ని, స్టేజీ లైట్లకి ఎదురు పెట్టి వాడబోయే గాజు ఫోన్ టార్చ్‌కి పాడవుతుందంటే తలూపాను. తర్వాత ఆయనే నా కెమెరాకి తగిలించి టీ గ్లాసుని రెండు ఫొటోలు తీసి చూపించాడు. బల్బు మా వెనక ఉంది. గ్లాసు మెరిసిపోతోంది. ఫోన్‌పే కొట్టేశాను. టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను, అది వేరే సంగతి.

శనివారం మొదటి పాటకే అనుమానం వచ్చింది. లైటు పక్క నుంచి పడినప్పుడు సింగర్ బాగానే వస్తున్నాడు. వెనక లైట్లు వెలిగి నా వైపు కొట్టగానే ఫ్రేమంతా పాలు పోసినట్టు తెల్లగా అయిపోతోంది, నలుపనేదే లేదు. చెమట అంటుకుందేమోనని మూడుసార్లు తుడిచాను. రంధ్రం 2.8కి, 4కి తగ్గించి చూశాను, తేడా అంతంతమాత్రమే. ఆఖరి పాటలో డ్రమ్మర్ వెనక లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి, అతను కర్రలు రెండూ పైకెత్తి, నోరు తెరిచి, చెమట చుక్కలు గాల్లో... దానికోసమే కదా ఇంత తాపత్రయం! నా ఫొటోలో మజ్జిగ గ్లాసులో మునిగిన మనిషిలా ఉన్నాడు. ఆరొందల నలభై క్లిక్కుల్లో పదకొండు పనికొస్తాయి. కిట్ లెన్స్ బరువెందుకని ఇంట్లో పెట్టి వెళ్లిన తెలివి కూడా నాదే.

రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చి, లైట్లు ఆర్పి, అప్పుడు కొట్టాను టార్చ్. లోపలి గాజు మీద అంచు నుంచి మధ్యదాకా సాలెపురుగు గూడులా సన్నటి తెల్లటి పోగులు. ఫంగస్, అంటే బూజు. మన కృష్ణ ఒడ్డు ఉక్కకి, వానాకాలమంతా బీరువాలో పడేసిన లెన్స్‌కి పట్టేదే. వెలుతురు మన వెనక నుంచి వస్తే పెద్దగా తెలియదు, ఎదురు లైటు పడితే ఆ పోగులు దాన్ని అన్ని వైపులకీ చిమ్ముతాయి. టీ గ్లాసు ఎందుకంత బాగా వచ్చిందో అప్పుడర్థమైంది.

సోమవారం గవర్నర్‌పేటలో రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. భూతద్దం పెట్టి వెనక స్క్రూలు చూపించాడు, తలలు గీసుకుపోయి ఉన్నాయి. "ఇది ఇదివరకే ఒకసారి విప్పారు బాబూ. తుడిచారు, మళ్లీ పట్టింది. కోటింగ్‌ని తినేసిన చోట ఎంత తుడిచినా మచ్చ పోదు." ఆయన ఎంతడిగాడో రాయను, నవ్వుతారు.

అక్కడి నుంచే లెన్స్ అమ్మినాయనకి ఫోన్ చేశాను. మొదట ఎంత తీయగా మాట్లాడాడో. "అన్నా, మెటల్ షో అంటున్నావు, పొగ వేస్తారు కదా, పొగకి లెన్స్ ఏం చేస్తుంది?" ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది నాకు, చూడండి నా ఖర్మ. స్క్రూల సంగతి చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతే మారిపోయింది, "అన్నా" కాస్తా "బ్రదర్" అయింది. "కొనేటప్పుడు చూసుకోవాలి బ్రదర్, చిన్నపిల్లాడివా?" చూడనిచ్చావా అసలు, చెయ్యి అడ్డం పెట్టింది ఎవరు, అని నేను అనేలోపు కట్ చేశాడు. తర్వాత బ్లాక్. గ్రూపులో అడిగితే అడ్మిన్ గారు "వ్యక్తిగత విషయాలు ఇక్కడొద్దు" అన్నారు. 14,500 వ్యక్తిగతమే లెండి, నా జేబులోంచేగా పోయింది.

ఇవాళ పొద్దున ఒక 35 ఎంఎం లెన్స్ అమ్మకానికి పెట్టాడు. మింట్ కండిషన్. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

చూడ్డానికి వెళ్తే రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చ్ కొట్టి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా లోపలికి చూడండి. స్క్రూ తలలు చూడండి. మీ కెమెరాకి పెట్టి వెలిగే బల్బుకి ఎదురుగా ఒక ఫొటో తీయండి. టార్చ్‌కి కోటింగ్ పోదు. వద్దంటే టీ తాగి వచ్చేయండి, డబ్బులు ఆయన్నే ఇమ్మనండి.

ఇంకోటి, శనివారం ఆ హాల్లో ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే, ఫోన్‌లో తీసినవైనా సరే, ఆఖరి పాట ఫొటోలుంటే పంపండి. డ్రమ్మర్ పొద్దున్నుంచి రెండుసార్లు అడిగాడు, నేనింకా ఏమీ చెప్పలేదు.