ప్లేటులో వలయమా, ట్యూబులో తేటదనమా: కొత్త కాంపౌండును పరీక్షించడానికి ఏది మేలు?

హనుమకొండలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివినవాళ్లకు ఈ ఘట్టం తెలిసే ఉంటుంది. నెలల తరబడి రిఫ్లక్సులు పెట్టి (అంటే ఆవిరి పోకుండా మరిగించి), స్వచ్ఛతను చూపే టీఎల్‌సీ ప్లేటు మీద ఒకే చుక్క కనిపించేదాకా ఇథనాల్‌లో మళ్లీ మళ్లీ శుద్ధి చేసి, చివరికి ఇరవై చిన్న సీసాల్లో ఇరవై కొత్త ట్రయజోల్ కాంపౌండ్లు పోగేస్తాం. ఇక అవి బ్యాక్టీరియాను ఆపుతాయో లేదో చూడాలి. సూక్ష్మజీవుల ల్యాబు వాళ్లు అడిగేది ఒకటే: "జోన్ చూడాలా, ఎంఐసీ చూడాలా?" జోన్ అంటే ప్లేటులో మందు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, ఎంఐసీ అంటే ట్యూబులో బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు. తొందరలో ఉన్నవాళ్లు జోన్ అంటారు. నేనూ అన్నాను.

జోన్ పద్ధతి కంటికి ఇంపుగా ఉంటుంది. పెట్రీ ప్లేటులో ముల్లర్-హింటన్ అగర్ (బ్యాక్టీరియాకు మేతనిచ్చే జెల్లీ) పోసి, గడ్డకట్టాక బ్యాక్టీరియాను దూదిపుల్లతో రుద్ది, చిన్న గుంటలు తీసి వాటిలో కాంపౌండు ద్రావణం పోస్తాం. మర్నాడు గుంట చుట్టూ తేటగా వలయం ఏర్పడితే స్కేలు పెట్టి కొలవడమే. ఫొటో బాగా వస్తుంది, థీసిస్‌లో పట్టిక తయారవుతుంది.

చిక్కంతా ఆ పట్టికలోనే ఉంది. ఈ.కోలై బ్యాక్టీరియా మీద నా కాంపౌండుకు 14 మిల్లీమీటర్లు, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు 30 వచ్చాయి. సిప్రోలో దాదాపు సగం బలం ఉందని మురిసిపోయాను. కానీ నేను గుంటలో పోసింది 200 మైక్రోగ్రాములు, అగర్ మీద పెట్టిన సిప్రో కాగితపు బిళ్లలో ఉన్నది 5 మాత్రమే. తర్వాత ట్యూబుల్లో చూస్తే నా కాంపౌండు ఎంఐసీ మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాములు. ప్రామాణిక ఈ.కోలై మీద సిప్రోకు ఉండాల్సింది 0.004 నుంచి 0.016 మధ్య. అంటే కనీసం నాలుగు వేల రెట్లు తేడా! వలయం వెడల్పు మందు బలంతో పాటు సమానంగా పెరగదు. బలం ఎన్నో రెట్లు మారితే గానీ వలయం నాలుగైదు మిల్లీమీటర్లు కదలదు.

దీనికి తిరగబడ్డ కేసు మరీ బాధాకరం. నా ఏడో నంబరు కాంపౌండుకు పొడవాటి కార్బన్ తోక ఉంది. నీళ్లంటే దానికి గిట్టదు. అగర్‌లోకి పాకకుండా గుంట అంచునే తెల్లటి పెచ్చులా కూర్చుంది. జోన్ సున్నా, దాన్ని జాబితాలోంచి కొట్టేశాను. మరుసటి ఏడాది మా జూనియర్ అదే సీసాను స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద ట్యూబుల్లో పరీక్షిస్తే ఎంఐసీ 8 వచ్చింది. చపాట మిర్చిని రంగు చూసి కారం అనుకున్నట్టే ఉంది నా వ్యవహారం. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడిగితే చెబుతారు, ఎరుపు వేరు, ఘాటు వేరని.

ఇది విద్యార్థుల ల్యాబులకే పరిమితమైన సమస్య కూడా కాదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అణువు పెద్దది, అగర్‌లో సరిగా పాకదు. అందుకే దాని విషయంలో బిళ్ల పరీక్షను నమ్మవద్దని, ట్యూబుల్లో పోసే పోషక ద్రవం, అంటే బ్రాత్‌లోనే చూడాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు 2016లో తేల్చి చెప్పాయి.

బ్రాత్ పద్ధతిలో మందును సగం సగం పలచన చేస్తూ పోతాం: 128, 64, 32, 16... ఒక్కో మిల్లీలీటరులో సుమారు 5 లక్షల బ్యాక్టీరియా ఉండేలా కలిపి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచాలి. మర్నాడు తేటగా మిగిలిన ట్యూబుల్లో మందు అన్నిటికంటే తక్కువ ఉన్నదేదో, అదే ఎంఐసీ. ఒక మెట్టు అటూ ఇటూ కావడం మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు. దీనికీ తలనొప్పులున్నాయి. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో చక్కగా కరిగిన కాంపౌండు బ్రాత్‌లో పడగానే విరిగిన పాలలా తెల్లబారుతుంది. ఆ మసక బ్యాక్టీరియాదో కాంపౌండుదో తెలియదు. రెసజురిన్ అనే నీలి రంగు చుక్క వేస్తే బతికిన బ్యాక్టీరియా ఉన్నచోట నీలం గులాబీగా మారుతుంది. అయితే థయాల్ (గంధకం, హైడ్రోజన్ కలిసిన) గుంపులున్న కాంపౌండ్లు బ్యాక్టీరియాతో పని లేకుండానే ఆ రంగు మార్చేయగలవు. అందుకని బ్యాక్టీరియా లేకుండా కాంపౌండు మాత్రమే ఉన్న ట్యూబులు, ఒట్టి డీఎంఎస్‌ఓ ట్యూబు పక్కన తప్పక ఉండాలి.

మే నెలలో రెండు పద్ధతులకూ ఒకటే శత్రువు. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే తప్ప చల్లబరచలేదు. గదిలో ఏసీ ఆగి 41 డిగ్రీలు ఉంటే అది 35 ఎలా చూపిస్తుంది? అలాంటి రోజున వచ్చిన లెక్క ఏదైనా చింపేయడమే నయం.

తొంభై ఆరు గుంటల ప్లేట్లకు, మైక్రోపిపెట్లకు డబ్బు లేదనే సాకు నాకు నచ్చదు. మామూలు టెస్ట్‌ట్యూబుల్లో ఒక్కో మిల్లీలీటరు బ్రాత్‌తోనూ ఇదే పని అవుతుంది. కాకపోతే చేతులు నొప్పి పుడతాయి, కాంపౌండు కాస్త ఎక్కువ పడుతుంది. కాబట్టి నా ఓటు ట్యూబుకే. నీళ్లలో బాగా కరిగే కాంపౌండ్ల మీద ఒక సాయంత్రం తొలి చూపు చూడడానికైతే జోన్ చాలు. దాన్ని బట్టి ఇరవైకి ర్యాంకులు మాత్రం ఇవ్వకండి.

ట్యూబు కూడా మోసపోయిన సందర్భం ఒకటుంది. జర్మన్ శాస్త్రవేత్త డోమాక్ 1935లో ప్రకటించిన ప్రోంటోసిల్ అనే మందు ట్యూబులో బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు, ఎలుకలను మాత్రం బతికించింది. శరీరంలో అది విడిపోయి సల్ఫనిలమైడ్ అవుతుందని, అసలు మందు అదేనని ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అదే ఏడాది కనుక్కున్నారు. నా ఇరవై సీసాల్లో అలాంటిది ఒకటి ఉండి ఉంటే, స్కేలుకూ దొరికేది కాదు, ట్యూబుకూ దొరికేది కాదు.