గోలీ సోడానా, ప్లాస్టిక్ బాటిలా?

గుంతకల్లు దగ్గర మా చిన్నాయనకు సోడా మిషన్ ఉంది. సరుకు ఇటు మన ఊళ్లకీ, సరిహద్దు దాటి అటు బళ్లారి వైపు పల్లెలకీ పోతుంది. ఇప్పుడు ఆయన టెన్షన్ ఒకటే: గాజు గోలీ సీసాలతోనే ఉండాలా, ప్లాస్టిక్‌కి మారాలా?

రుచిలో గాజుదే పైచేయి, నాకైతే అనుమానమే లేదు. సీసాను తలకిందులు చేసి గ్యాస్ నింపితే గోలీ మెడలోకి జారి, ఆ ఒత్తిడికి రబ్బరు వాషర్‌కి బిగుసుకుంటుంది, మనం వేలితో నొక్కగానే ఠప్‌మంటుంది. 1870ల్లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ కనిపెట్టిన పద్ధతి ఇది, మూతే అక్కర్లేదు. గాజులోంచి గ్యాస్ పోదు. ప్లాస్టిక్‌లోంచి మెల్లగా పోతూనే ఉంటుంది, బాటిల్ ఎంత చిన్నదైతే అంత త్వరగా, అందులోనూ మన ఎండలకి.

దూరం పోవాలంటే మాత్రం గాజుతో కష్టం. బరువు, పగులుతుంది, పైగా ఖాళీ సీసాలు వెనక్కి రావాలి. పోయిన ఎండాకాలం అటువైపు అంగడికి రెండు క్రేట్లు వేస్తే తిరిగొచ్చింది ఒకటే, అందులోనూ నాలుగు సీసాల మూతులు పగిలాయి. చిన్నమ్మ ఒక్కొక్క మూతీ వేలితో తడిమి చూసి పక్కన పెడుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

పన్నులో తేడా లేదు: తీపి కలిపిన గ్యాస్ డ్రింకులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. రాష్ట్రం దాటి అమ్మితే వ్యాపారం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పదు.

చుట్టుపక్కల ఊళ్లకి గాజే వేయమన్నాను, సీసాకి డిపాజిట్ కట్టించుకుని. బళ్లారి వైపుకి పెద్ద ప్లాస్టిక్ బాటిళ్లు.