ఎన్‌సీసీ ‘సీ’ సర్టిఫికెట్: ఆర్మీ ఆఫీసర్ కావడానికి ఎంతవరకు పనికొస్తుంది?

కాలేజీలో చదువుకుంటూనే ఆర్మీ ఆఫీసర్ ఉద్యోగానికి సిద్ధం కావాలంటే కాలేజీ విద్యార్థులకుండే ఎన్‌సీసీ సీనియర్ డివిజన్‌ని మించిన దారి మన దగ్గర లేదు. అమ్మాయిలకైతే అదే సీనియర్ వింగ్. కోచింగ్‌లకు పోసే డబ్బుతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. అయినా మూడేళ్లు ఎండలో పెరేడ్ చేసి, మూడో ఏడాది పరీక్ష పాసైతే వచ్చే ‘సీ’ సర్టిఫికెట్‌ని ఫైల్లో పెట్టుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. చూస్తే బాధేస్తుంది.

దీని అసలు విలువ, ‘సీ’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను ఆఫీసర్లుగా తీసుకునే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో ఉంది. ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ రాత పరీక్ష ఉండదు. దరఖాస్తు షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఎంపికైతే చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)లో 49 వారాల శిక్షణ, ఆ సమయంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్. ఆ తర్వాత పదేళ్ల షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పరిమిత కాలపు ఆఫీసర్ ఉద్యోగం, కావాలంటే ఇంకో నాలుగేళ్లు. వయసు 19 నుంచి 25 లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు, డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి. ‘సీ’ సర్టిఫికెట్ పరీక్షలో కనీసం బీ గ్రేడ్ రావాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఈ గ్రేడ్ దగ్గరే. పాసయ్యాం కదా అనుకుంటారు గానీ, సీ గ్రేడ్ వస్తే ఈ ఎంట్రీకి పనికిరాదు.

చేరితే ఫస్టియర్‌లోనే చేరాలి. రెండో ఏడాది చివర ‘బీ’ సర్టిఫికెట్ పరీక్ష, మూడో ఏడాదిలో ‘సీ’. మూడేళ్ల డిగ్రీవాళ్లు సెకండియర్‌లో చేరితే ‘సీ’ దాకా చేరడానికి టైమ్ చాలదు. బీటెక్ వాళ్లకు నాలుగో ఏడాది కలిసొస్తుంది. 75 శాతం హాజరుతో పాటు క్యాంపులు కూడా తప్పనిసరి. క్యాంపు తేదీలు ఇంటర్నల్స్‌తో ఢీకొనడం మామూలే. తేదీలు తెలియగానే కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్, అంటే ఏఎన్‌ఓ సార్‌తో కాలేజీకి లెటర్ పెట్టించుకోవాలి.

డ్రిల్ మాత్రం గట్టిగా నేర్పుతారు. సావధాన్‌లో (అటెన్షన్) మడమలు కలిసి, పాదాల మధ్య 30 డిగ్రీల కోణం ఉండాలి. తేజ్ చల్‌లో (క్విక్ మార్చ్) అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు. కొత్త క్యాడెట్ల మోచేయి వంగుతుంది, దాంతో అడుగు పొట్టిదై వరుస చెదురుతుంది. డ్రిల్ నేర్పడానికి ఆర్మీ నుంచి వచ్చే పీఐ స్టాఫ్ కంటికి అది వెంటనే దొరికిపోతుంది.

ఎన్‌సీసీలో లోటల్లా ఎస్‌ఎస్‌బీకి తయారుచేయడం దగ్గరే. ఐదు రోజుల ఆ ఎంపికలో మొదటి రోజు స్క్రీనింగ్‌కే చాలామంది ఇంటిముఖం పడతారు. తర్వాత సైకాలజీ పరీక్షల్లో 60 మాటలు చూపిస్తే ఒక్కోదానికి 15 సెకన్లలో వాక్యం రాయాలి, 60 సందర్భాల్లో మీరేం చేస్తారో మొత్తం 30 నిమిషాల్లో రాయాలి. ఇంత వేగం వారానికోసారి జరిగే పెరేడ్‌తో రాదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకునేసరికే 15 సెకన్లు అయిపోతాయి. సెకండియర్ నుంచే రోజూ కాసేపు టైమర్ పెట్టుకుని రాయడం అలవాటు చేసుకోవాలి. కోచింగ్‌లో ఇచ్చే రెడీమేడ్ జవాబులు బట్టీ పట్టొద్దు. సైకాలజిస్ట్, గ్రౌండ్‌లో గ్రూపు పనులు చేయించే జీటీఓ, ఇంటర్వ్యూ ఆఫీసర్ ఎవరి అంచనా వాళ్లు విడిగా వేసి, చివరి రోజు కాన్ఫరెన్స్‌లో కలిసి మాట్లాడుకుంటారు. రాతలో ఒక మనిషి, గ్రౌండ్‌లో ఇంకో మనిషి కనిపిస్తే అక్కడ బయటపడిపోతుంది.

ఇంకోటి, మెడికల్. చదునైన పాదాలు, మోకాళ్లు కలిసిపోవడం, కంటిచూపు ఫస్టియర్‌లోనే డాక్టరుకు చూపించుకోండి. ఎస్‌ఎస్‌బీ గట్టెక్కాక మెడికల్‌లో ఆగిపోయేవాళ్లూ ఉంటారు. సరిచేసుకోగలిగిన వాటికి అప్పటికి టైమ్ మిగలదు.