ఆరు చలికాలాలు వాడాక: ఇనుప పెనం, చేతి తురుము, కరకరలాడే రైబెకూఖెన్

జర్మనీలోని కొలోన్‌కు వచ్చిన మొదటి డిసెంబర్‌లో, పెద్ద చర్చి ముందు జరిగే క్రిస్మస్ సంతలో రైబెకూఖెన్ మొదటిసారి తిన్నాను. కాగితం పళ్లెంలో మూడు, పక్కన చల్లటి ఆపిల్ గుజ్జు. అంచులు మా వరంగల్ సర్వపిండి అంచుల్లా కరకరలాడాయి, మధ్యలో మాత్రం మెత్తగా ఉంది. పచ్చి ఆలుగడ్డ తురిమి నూనెలో కాల్చిన అట్టు అంత రుచిగా ఉంటుందని నేను అనుకోలేదు. అప్పటి నుంచి ప్రతి చలికాలం పదిహేను రోజులకోసారైనా ఇంట్లో చేస్తున్నాను. ఇది ఆరో చలికాలం. ఏ పెనం నిలిచింది, ఏ తురుము పనికొచ్చింది, ప్యాకెట్ పొడి ఎంతవరకు అక్కరకొస్తుంది అన్నవి వాడి చూసి తెలుసుకున్నంత మేర రాస్తున్నాను.

పేరు గురించి ముందు ఒక మాట. రైన్ నది ప్రాంతంలో దీన్ని రైబెకూఖెన్ అంటారు, కొలోన్ యాసలో రీవ్‌కోఖె. ఉత్తరాన కార్టోఫెల్‌పుఫ్ఫర్, బవేరియాలో రైబర్‌డాచీ. స్విట్జర్లాండ్ రోష్టి వేరు. అందులో గుడ్డు, పిండి కలపరు.

మొదటి ఏడాది ప్యాకెట్ పొడితోనే మొదలుపెట్టాను. నీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టి పెనం మీద వేయడమే. ఆకారం బాగా వస్తుంది, విరగదు. కానీ లోపల అంతా ఒకే రకం ముద్ద, తురుము పంటికి తగలదు. చల్లారితే అట్టముక్కలా సాగుతుంది. ఫ్రిజ్ అరలో దొరికే తడి తురుము దానికన్నా నయమే గానీ కాస్త పుల్లటి వాసన ఉంటుంది. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చిన రోజు తప్ప రెండిటి జోలికీ ఇప్పుడు పోవడం లేదు.

తురుము దగ్గర నేను చాలా ప్రయోగాలు చేశాను. మిక్సీలో వేస్తే ఆలుగడ్డ చట్నీలా నలిగిపోతుంది. ఫుడ్ ప్రాసెసర్ తురుము బిళ్ళతో రెండు నిమిషాల్లో పని అవుతుంది, ఆ పోగులు అంచుల్లో బాగా వేగుతాయి కూడా. అయితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు, దాంతో పిండి ఎక్కువ కలపాల్సి వస్తుంది, పిండి ఎక్కువైతే కరకర పోతుంది. చివరికి నిలిచింది నాలుగు పలకల స్టీల్ తురుముపీట. దాని మీద ముళ్ళలాంటి సన్న కన్నాల వైపు మూడింట రెండు వంతులు, పెద్ద కన్నాల వైపు ఒక వంతు తురుముతాను. సన్నది జిగురుగా పట్టి ఉంచుతుంది, పెద్దది అంచుల్లో వేగి విరుగుతుంది. కిలో ఆలుగడ్డకు పావుగంట పడుతుంది, భుజం నొప్పి పుడుతుంది, చివరి ముక్క దగ్గర వేళ్ళు జాగ్రత్త. నాలుగేళ్ళకు ముళ్ళు మొద్దుబారాయి, కొత్తది కొన్నాను.

పోట్స్‌డామ్ వెళ్ళినప్పుడు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ సమాధి చూశాను. రైతులు ఆలుగడ్డ పండించాలని 1756లో ఆజ్ఞ ఇచ్చిన రాజు ఆయన. రాతి పలక మీద పూలతో పాటు జనం పెట్టిన ఆలుగడ్డలున్నాయి. ఈ దేశంలో ఆలుగడ్డ సంచి మీద కూడా అదే పట్టింపు కనిపిస్తుంది. ఉడికినా గట్టిగా ఉండే రకానికి ఆకుపచ్చ గుర్తు, మధ్యరకానికి ఎరుపు, పిండిలా విచ్చుకునే రకానికి నీలం. రైబెకూఖెన్‌కు నా ఓటు ఎరుపుకే. నీలం రకం కూడా బాగుంటుంది గానీ కాస్త తొందరగా రంగు తిరుగుతుంది. ఆకుపచ్చ రకంలో గంజి తక్కువ, అట్టు విడిపోతుంది. ఒకసారి సంచిని ఫ్రిజ్‌లో పెట్టి పొరపాటు చేశాను. చలికి ఆలుగడ్డలోని గంజి కొంత చక్కెరగా మారుతుంది. దాంతో లోపల వేగకముందే పైన నల్లబడి చేదెక్కింది. ఇప్పుడు సెల్లార్‌లో చీకటి మూలలో పెడుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మా కింది ఇంటి పెద్దావిడ చెప్పింది. శుక్రవారం మాంసం తినకపోవడం ఈ ప్రాంతపు కాథలిక్కుల పాత ఆచారం, ఆవిడ ఇంట్లో రైబెకూఖెన్ శుక్రవారం వంట. తురుమును పలుచటి గుడ్డలో కట్టి గట్టిగా పిండాలి. ఆ నీళ్లు పారబోయకుండా గిన్నెలో పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైన ఎర్రటి నీళ్లు తేలి, అడుగున తెల్లటి గంజి ముద్దలా పేరుకుంటుంది. నీళ్లు వంచేసి ఆ ముద్దను తిరిగి తురుములో కలపాలి. అంతకుముందు రెండేళ్ళు నేను ఆ గంజిని సింకులో పోసి, బదులుగా మైదా కలిపాను. తేడా మొదటి వాయిలోనే తెలిసింది. మైదాతో చేసింది పళ్లెంలోకి రాగానే మెత్తబడేది, దాని సొంత గంజితో చేసింది పావుగంట తర్వాత కూడా విరుగుతుంది.

కిలో ఆలుగడ్డకు ఒక పెద్ద ఉల్లిగడ్డ, ఒక గుడ్డు, రెండు చెంచాల మైదా, చెంచా ఉప్పు, గోకిన జాజికాయ చిటికెడు. ఉల్లిగడ్డను ఆలుగడ్డతో కలిపి మార్చి మార్చి తురిమితే తురుము అంత తొందరగా నల్లబడదు. పెనం వేడెక్కాకే తురుములో ఉప్పు వేస్తాను, ముందే వేస్తే మళ్ళీ నీరు ఊరుతుంది. గుడ్డు తినని స్నేహితులు వచ్చినప్పుడు మానేస్తాను. గంజి సరిగా పేరుకుంటే గుడ్డు లేకున్నా అట్టు నిలుస్తుంది, తిప్పేటప్పుడు కొంచెం ఓపిక కావాలి.

ఇక పెనం. నాన్‌స్టిక్ పెనాలు రెండు మార్చాను. అంటుకోవు, కడగడం సులువు, కానీ రంగు ఒకేలా పాలిపోయినట్టు వచ్చేది, కొన్నాళ్ళకే పూత లేచేది. తర్వాత 28 సెంటీమీటర్ల ఇనుప పెనం కొన్నాను. దాన్ని ఆలుగడ్డ తొక్కలు, గుప్పెడు ఉప్పు, నూనె వేసి తొక్కలు నల్లగా మాడేదాకా కాల్చి సిద్ధం చేస్తారిక్కడ. కొత్త పెనాన్ని మన ఇళ్ళలో ఉల్లిగడ్డతో రుద్ది మచ్చిక చేసుకున్నట్టే. ఇల్లంతా పొగ, కిటికీలన్నీ తెరిచి చేయాలి. మొదటి పెనాన్ని ఇండక్షన్ పొయ్యి మీద ఒక్కసారిగా ఫుల్‌లో పెట్టాను. అడుగు మధ్యలో ఉబ్బి నూనె అంచులకు జారిపోయేది, మధ్యలో అట్టు మాడేది. రెండోదాన్ని సన్న సెగ మీద మెల్లగా వేడెక్కిస్తాను, నాలుగేళ్ళయినా అడుగు చదునుగానే ఉంది. ఒకసారి ఇందులో చింతపండు పులుసు కాస్తే నల్లటి పొరంతా ఊడి, పులుసుకు ఇనుము రుచి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి కాల్చుకోవాల్సి వచ్చింది. బరువు కూడా చెప్పాలి: మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు ఒంటి చేత్తో ఎత్తలేరు. అయినా మళ్ళీ కొనమంటే ఇదే కొంటాను. చల్లటి తురుము పడినా వేడి అంతగా తగ్గదు, కరకరకు కావాల్సింది అదే.

నూనె అర సెంటీమీటర్ లోతు ఉండాలి. కొయ్య గరిటె కాడ ముంచితే చుట్టూ బుడగలు లేస్తే వేడి చాలు. ఆవనూనెలా ఘాటు లేని రేప్‌సీడ్ నూనె వాడతాను, పండగ రోజు బుట్టర్‌ష్మాల్జ్. అది మన నెయ్యికి చుట్టమే, వాసన కొంచెం తేలిక. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు, బంగారు రంగు వచ్చేదాకా. కాగితం మీద ఒకదానిపై ఒకటి పేర్చకూడదు, ఆవిరికి మెత్తబడతాయి. జాలీ మీద విడివిడిగా ఆరబెట్టాలి.

ఇక్కడివాళ్ళు ఆపిల్ గుజ్జుతో తింటారు, లేదా నల్లరొట్టె మీద పెట్టి చక్కెర బీట్ దుంపలతో చేసే, చెరుకుపాకంలాంటి ర్యూబెన్‌క్రౌట్ పూస్తారు. తీపితో ఉప్పటి అట్టు నాకు మొదట నచ్చలేదు, ఇప్పుడు ఆపిల్ గుజ్జు లేకపోతే వెలితిగా ఉంటుంది.

పోయిన చలికాలం అమ్మ వచ్చింది. అల్లం పచ్చడితో నాలుగు తిని, "పెంక మంచిగుంది బిడ్డా, ఈ గంజి ముచ్చట ముందే చెప్తే నేనూ చేస్తుంటి కదా" అంది. హన్మకొండ వెళ్ళాక తన దోసె పెంక మీద చేస్తోంది. అక్కడ కొత్త ఆలుగడ్డలో నీళ్లు ఎక్కువ ఉన్నాయని, రెండుసార్లు పిండాల్సి వస్తోందని నిన్న ఫోన్‌లో చెప్పింది.