ఉదయగిరి కోట మా హాల్లోకి వచ్చింది: నెల్లూరులో వేయించిన కాన్వాస్ ప్రింట్ గురించి

మా నాన్నది ఉదయగిరి పక్కన పల్లె. నెల్లూరులో ఇల్లు కట్టుకున్నాక సోఫా వెనక గోడ ఏడాది పైగా బోసిగానే ఉండిపోయింది. వచ్చినవాళ్లంతా జలపాతమో, పరిగెత్తే ఏడు గుర్రాలో పెట్టమన్నారు, నేను మాత్రం ఉదయగిరి కోటే పెట్టాలి, అదీ నా చేత్తో తీసిన ఫోటోనే పెట్టాలి అని పట్టుపట్టాను. కృష్ణదేవరాయలంతటివాడు గజపతుల నుంచి గెలవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేసి కూర్చున్న దుర్గం అది, 1514లో గానీ చేతికి చిక్కలేదు. ఇక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడి కోసమే ఆయన హంపీలో కృష్ణాలయం కట్టించాడు. ఇంత చరిత్ర మన జిల్లాలోనే పెట్టుకుని గుర్రాల బొమ్మలు ఎందుకు?

సంక్రాంతి సెలవుల్లో చీకటితోనే కొండెక్కాను. పొద్దు పొడిచిన మొదటి అరగంటలో ఎండ ఏటవాలుగా పడి రాయికీ రాయికీ మధ్య సందు కూడా నీడతో గీత గీసినట్టు కనిపిస్తుంది. తొమ్మిది దాటితే అదే గోడ చప్పగా అయిపోతుంది, మధ్యాహ్నం తీసిన ఫోటోలు ఒక్కటీ పనికిరాలేదు. వాలు మీద పైకి ఎక్కిపోయే ప్రాకారం, ఒక పగులులోంచి మొలిచిన రావి మొక్క, దాని వేరు రాయిని పట్టుకున్న తీరు, ఈ ఫోటో ఒక్కటి కుదిరింది.

మొదట ఆన్‌లైన్‌లో ఒకచోట ఆర్డర్ పెట్టాను. వచ్చినదాన్ని చూసి ఏడుపొచ్చింది. ఆకాశం నీలిమందు కలిపినట్టుంది, రాయి నారింజ రంగుకి తిరిగింది, పైగా గ్లాసీ పేపరు కావడంతో ట్యూబ్‌లైట్ వేస్తే కోట మధ్యలో తెల్లటి గీత. నాన్న దగ్గరికొచ్చి చూసి "ఇది మన కొండ కాదు అబ్బయా" అన్నారు. ఆ మాటతో దాన్ని గోడకి కొట్టనే లేదు.

తర్వాత ఫ్రెండ్ చెబితే ఊళ్లోనే ఒక చిన్న ప్రింటింగ్ షాపుకి పోయాను. అసలు ఈ రివ్యూ రాస్తోంది ఆ షాపతని కోసమే. ఫోన్లో వాట్సాప్ ఫోటో చూపిస్తే "ఇది వద్దన్నా, కెమెరాలోది ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని రా" అని వెనక్కి పంపాడు. వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగిపోతుంది కదా, కళ్లకి తెలియదు గానీ పెద్దది చేస్తే తెలుస్తుంది. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా, అంటే 6000 బై 4000. 36 బై 24 అంగుళాల సైజుకి అంగుళానికి 166 పిక్సెల్స్ వస్తాయి. 300 ఉండాలంటారే అని టెన్షన్ పడితే, చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది కావాలి, ఆరడుగుల దూరం నుంచి చూసే కాన్వాస్‌కి ఇది చాలు అని ఓపికగా చెప్పాడు. నిజంగానే చాలింది.

ఇంకో సంగతి, కాన్వాస్‌ని చెక్క ఫ్రేము చుట్టూ మడిచి వెనక పిన్నులు కొడతారు, ఆ మడతలోకి నాలుగు పక్కలా రెండేసి అంగుళాల బొమ్మ పోతుంది. నా ఫోటోలో బురుజు సరిగ్గా అంచునే ఉంది, అతను చెప్పకపోతే సగం బురుజు పక్కకి తిరిగిపోయేది. అంచుల వరకే అద్దంలో ప్రతిబింబంలా పొడిగించి మడతకి దాన్ని వాడాడు, బురుజు మొత్తం ముందే నిలిచింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది రంగు కోసం పడిన శ్రమ. పెద్దది వేసేముందు గోడ, రావి వేరు ఉన్న ముక్క వరకే మూడు చిన్న ప్రింట్లు తీసి, షాపు లైటు కింద కాదు, బయటికి తీసుకొచ్చి ఎండలో పెట్టి "మీ నాన్న కొండ ఏ రంగు?" అని అడిగాడు. కంప్యూటర్ తెర వెనకనుంచి వెలుగు వస్తుంది గనుక అక్కడ బాగున్నది కాన్వాస్ మీద నల్లబడుతుందట, అందుకే కొంచెం వెలుతురు పెంచి రెండోది ఖాయం చేశాం. సున్నం పూత మిగిలినచోట తెలుపు, వాన నీళ్లు కారినచోట నలుపు, మిగతాదంతా ఆ బూడిద కలిసిన ఎరుపు. మ్యాట్ కాన్వాస్ కాబట్టి ఏ లైటు వేసినా మెరుపు లేదు.

లోపాలూ చెప్పాలి. వారంలో ఇస్తానని పన్నెండు రోజులు తిప్పాడు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెనక ఒక్కటే కొక్కెం ఇచ్చాడు, ఇంత పెద్ద ఫ్రేము ఒక్క మేకు మీద పక్కకి వాలిపోతోంది, రెండు కొక్కేలు అడిగి పెట్టించుకోండి. వానాకాలంలో ఒక మూల కాన్వాస్ కాస్త వదులైంది, తీసుకెళ్తే డబ్బులు అడక్కుండా బిగించి ఇచ్చాడు. మొత్తం 3,800 అయింది. ఆన్‌లైన్‌దాని కంటే వెయ్యి ఎక్కువే, నాకేం బాధ లేదు.

నాన్న ఇప్పుడు సోఫాలో కాదు, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. చిన్నప్పుడు సీతాఫలాలకి ఎక్కిన దోవ ఆ బురుజు పక్కనుంచేనట, ఎవరొచ్చినా లేచి వెళ్లి వేలు పెట్టి చూపిస్తున్నారు. అక్కడ కాన్వాస్ మీద చిన్న మరక కూడా పడింది.